ఈక చూసి జాతకమా?

నెలగంట పెట్టిన దగ్గర్నుంచీ గోదావరి జిల్లాల కొబ్బరితోటల్లో, చేపల చెరువు గట్ల మీద ఒక దృశ్యం రోజూ కనిపిస్తుంది. గంప ఎత్తి పుంజుని బయటికి తీస్తారు. ఇద్దరు పెద్దమనుషులు దాని మీదికి వంగుతారు. ఒకాయన రెక్క విప్పి ఎండకి పడతాడు. ఇంకొకాయన మెడ మీది ఈకల్ని రెండు వేళ్ళతో వెనక్కి దువ్వి, అడుగున ఏ రంగు దాగుందో చూస్తాడు.

"డేగండీ ఇది. అనుమానమే లేదు."

"డేగేంటండీ బాబూ! బోర చూడండి, ఎంత నలుపో. కాకిడేగ."

"ఆ మాత్రం నలుపు ఏ డేగకి లేదండీ? రెక్క చూసి మాట్లాడండి."

అరగంట గడుస్తుంది. టీలు వస్తాయి, మూడో మనిషి వచ్చి మూడో పేరు చెబుతాడు. ఈ అరగంటలో పుంజు కాలు నేల మీద ఎలా ఆనుతోందో, కన్ను తేటగా ఉందో లేదో, తల్లి ఏ పెట్టో ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేదన్నది అక్కడి నమ్మకం. రంగు తేలితే జాతి తేలినట్టే, జాతి తేలితే ఏ రోజు ఏ వేళకి దింపాలో తేలినట్టే, అది తేలితే గెలుపు సగం చేతికొచ్చినట్టే.

ఈ నమ్మకానికి కుక్కుట శాస్త్రమని పేరు. పంచాంగం పక్కన పెట్టుకుని చదివే పుస్తకం అది. 27 నక్షత్రాల్లో దేనికి ఏ రంగు పుంజు దేని మీద నెగ్గుతుందో, ఏ వారం ఏ దిక్కు నుంచి పుంజుని వదలాలో అందులో ఉంటుంది. ఏటా జనవరి రెండో వారంలో తెలుగు పత్రికలు, టీవీ ఛానెళ్ళు దాన్ని వడపోసి వడ్డిస్తాయి. భోగికి గౌడ నెమలి, కనుమకి డేగ అంటూ రాశిఫలాల వరసలోనే. రాసేవాళ్ళు నవ్వుకుంటూ రాస్తారేమో గానీ, చదివేవాళ్ళలో చాలామంది నవ్వరు. ఆ రోజు ఆ రంగు పుంజు ధర పెరుగుతుంది, పైపందేలు దాని వైపు మొగ్గుతాయి. వేలల్లో మొదలయ్యే పుంజు ధర లక్ష దాటడం డెల్టాలో వింతేమీ కాదు కాబట్టి, ఆ మొగ్గు ఖరీదైనదే.

జ్యోతిషం మీద దెబ్బలాట ఇక్కడ ముఖ్యం కాదు. దాన్ని నమ్మనివాళ్ళు కూడా తలూపే మాట ఒకటుంది, అసలు ఖండించాల్సింది దాన్ని. "నక్షత్రాల సంగతి వదిలేయండి, రంగుని బట్టి జాతి, జాతిని బట్టి పౌరుషం. ఇది మాత్రం అనుభవం." చదువుకున్నవాళ్ళు, పశువైద్యంతో పరిచయం ఉన్నవాళ్ళు కూడా ఇదే అంటారు. ఇది అనుభవం కాదు. రంగుకీ రక్తానికీ ముడి వేయడం తప్పు లెక్క. ఆ లెక్క వల్ల గోదావరి జిల్లాలు మంచి కోళ్ళని పోగొట్టుకుంటున్నాయి.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి. రంగుల పేర్లు పెట్టడంలో తెలుగువాడి కన్ను అసాధారణమైనది. ఒళ్ళంతా నల్లనైతే కాకి, తెల్లనైతే సేతు. ఎర్రనైతే డేగ. రెక్కల మీద, వీపు మీద పసుపు ఆడితే నెమలి. మెడ మీద నలుపూ తెలుపూ సమంగా కలిస్తే పర్ల, మెడ నల్లబడితే సవల. నలుపు, ఎరుపు, పసుపు కలిస్తే కౌజు. ఎరుపులో బూడిద కలిస్తే మైల. తెలుపు మీద లేత ఎరుపు తేలితే గేరువా. లేత బంగారు రంగుది అబ్రాసు. ఇంకా పింగళ, పూల, ముంగిస, నల్లబోర, తెల్లగౌడు. వీటిని రెండేసి కలిపితే కాకిడేగ, కాకినెమలి, పచ్చకాకి లాంటి ఉపజాతులు. పెయింట్ల కంపెనీవాళ్ళు ఈ పట్టిక ముందు చేతులు కట్టుకు నిలబడాలి. వర్ణనగా ఇది గొప్ప సంపద. చిక్కంతా ఈ వర్ణనని వంశవృక్షంగా చదవడంలో ఉంది.

హైదరాబాదు వైపు ఇదే అసీల్ కోడికి పీలా, యాకూబ్, నూరీ, కాగర్ అంటూ వేరే పేర్ల వరస ఉంది. అవీ రంగుల పేర్లే. అక్కడ పీలా అనిపించుకున్న పుంజుని భీమవరం తెస్తే ఇక్కడివాళ్ళు మరో పేరు పెడతారు, మరో నక్షత్రం చూస్తారు. కోడి మాత్రం అదే. దేశంలో కోళ్ళ జాతుల్ని నమోదు చేసే జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దగ్గర ఆంధ్రప్రదేశ్ పేరుతో అసీల్, ఘాగస్, కాళస్తి, డంకి అనే జాతులున్నాయి. డేగ లేదు, కాకి లేదు, నెమలి లేదు. అవన్నీ అసీల్ అనే ఒక్క ఇంటి పిల్లలు. అన్నదమ్ముల్లో ఒకడు నల్లగా, ఒకడు చామనఛాయగా పుట్టినట్టు.

ఇక ఆ ఇంట్లో రంగు ఎలా పుడుతుందో చూడాలి. కోడి ఈకలో రంగులు రెండే: ఒకటి నలుపు, ఇంకొకటి ఎరుపు నుంచి పసుపు దాకా సాగేది. ఏది ఎక్కడ ఎంత పడాలన్నది కొన్ని జన్యువుల చేతిలో ఉంటుంది. పెంపుడు కోడికి మూలపురుషుడైన ఎర్ర అడవికోడి పుంజుకి మెడ, వీపు ఎర్రబంగారం, బోర నలుపు. డెల్టా పెద్దమనుషుల చేతికిస్తే దాన్ని డేగ అనో కాకిడేగ అనో అంటారు. అంటే డేగ రంగు పుంజుకి ప్రకృతి మొదట తొడిగిన చొక్కా. నల్లరంగు మీటని నడిపే ఎంసీ1ఆర్ అనే జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆ మీట ఎప్పుడూ వేసే ఉంటుంది, నలుపు ఒళ్ళంతా పాకుతుంది. కాకి పుట్టడానికి ఉన్న దారుల్లో అదొకటి. డేగకీ కాకికీ మధ్య నక్షత్రాల దూరం ఉందని కుక్కుట శాస్త్రం అంటుంది. అక్కడున్నది ఒక్కోసారి ఒక్క అక్షరం దూరం.

గేరువా సంగతి ఇంకా వింత. 2004లో స్వీడన్ శాస్త్రవేత్తలు తెల్లకోడి తెలుపుకి మూలాన్ని పట్టుకున్నారు. పీఎంఈఎల్17 అనే జన్యువులో తొమ్మిది అక్షరాల చిన్న ముక్క అదనంగా చేరితే నల్లరంగు తయారవదు. ఎరుపుకి మాత్రం పెద్దగా ఏమీ కాదు. ఇది డేగ పుంజులో పడితే ఏమవుతుంది? బోరలోని, తోకలోని నలుపంతా చెరిగి తెల్లబడుతుంది. మెడ మీది, భుజాల మీది ఎరుపు మిగిలిపోతుంది. తెలుపు మీద ఎరుపు, అదే గేరువా. పుస్తకంలో డేగ, గేరువా వేరువేరు జాతులు, వేరువేరు తిథులకి పనికొచ్చే యోధులు. కోడిలో మాత్రం గేరువా అంటే నలుపు తుడిచేసిన డేగ. కండ, ఎముక, గుండె, పొగరు అన్నీ వేరే ఏవేవో జన్యువులు చూసుకుంటాయి. ఈ తొమ్మిది అక్షరాలకి వాటితో పెద్దగా పని లేదు.

రెండు తెల్లకోళ్ళ కథ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి వందేళ్ళయింది. 1902లో ఇంగ్లండులో విలియం బేట్‌సన్, బఠాణీ మొక్కల మీద మెండెల్ కనిపెట్టిన సూత్రాలు జంతువులకీ వర్తిస్తాయని చూపించడానికి ఎంచుకున్నది కోళ్ళనే. తెలుపు రెండు దారుల్లో వస్తుందని ఆ తరవాతి ప్రయోగాల్లో తేలింది. ఒకటి పైన చెప్పిన, రంగుని అణిచే తెలుపు. రెండోది అసలు రంగే తయారుకాని తెలుపు. చూపుకి రెండూ మల్లెపూవులే. ఒక దారి పుంజునీ ఇంకో దారి పెట్టనీ కలిపితే పిల్లలన్నీ తెల్లగానే ఉంటాయి. ఆ పిల్లల్ని తమలో తాము కలిపితే మనవల్లో ప్రతి 16కి సుమారు 3 రంగు కోళ్ళు తేలతాయి. సేతుకి సేతు కలిపి రెండు తరాలు కాపలా కాసినవాడి గంప కింద ఎర్రపిల్ల! అప్పుడు మన ఊళ్ళల్లో ఏమంటారో తెలిసిందే. పక్కింటి పుంజు గోడ దూకిందంటారు. పాపం ఆ పుంజు ఏ పాపమూ ఎరగదు.

పెట్ట సంగతికొస్తే కుక్కుట శాస్త్రం డొల్లతనం పూర్తిగా బయటపడుతుంది. జాతకమంతా పుంజుదే. పెట్ట ఏ నక్షత్రానికి చెందిందో ఎవరికీ పట్టదు. కానీ కోళ్ళలో మెడ బంగారమా వెండా అని తేల్చే జన్యువు లింగాన్ని నిర్ణయించే జెడ్ క్రోమోజోము మీద ఉంది. పుంజుకి జెడ్లు రెండు, పెట్టకి ఒకటే. పెట్ట తన దగ్గరున్న ఆ ఒక్క జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్ళకి ఇవ్వదు. వెండి బంగారాన్ని కప్పేస్తుంది. ఇప్పుడు ఎర్రటి డేగ పుంజుకి వెండి రంగు పెట్టని వేశారనుకుందాం. పుట్టిన పుంజులన్నిటికీ మెడ తెల్లగా, వెండి జలతారు పరిచినట్టు ఉంటుంది, మధ్యలో నల్లచారలు. భుజం మీద ఎక్కడో కాస్త ఎరుపు జాడ మిగలొచ్చు. ఊళ్ళో వాటిని పర్ల అంటారు, లేదా దాని దగ్గరి పేరేదో పెడతారు. పెట్టపిల్లలేమో తండ్రిలా బంగారు ఛాయలో వస్తాయి. హేచరీల్లో ఒక్కరోజు పిల్లల్ని రంగు చూసి ఆడా మగా వేరు చేసే పద్ధతికి ఆధారం ఇదే. ప్రపంచంలోని కోళ్ళ పరిశ్రమ రోజూ వాడుకుంటున్న లెక్క ఇది, వ్యాసాల్లో దాగిన సిద్ధాంతం కాదు.

డేగ యజమాని మాత్రం గంప ఎత్తి తెల్లమెడలు చూసి గుండె జారిపోతాడు. "జాతి చెడిందండీ." ఏమీ చెడలేదు. తండ్రి ఇవ్వాల్సిన సగం ఇచ్చాడు, తల్లి ఇవ్వాల్సిన సగం ఇచ్చింది. మెడ మీద కనబడుతున్నది తల్లి సంతకం. ఇంకా తమాషా ఏమిటంటే, అదే పుంజు ఈకలు పెట్టకి రాకపోవడానికి కారణం ఆడ హార్మోను. అండాశయం దెబ్బతిన్న పెట్ట, ఈకలు రాల్చి కొత్తవి వేసుకునేటప్పుడు పుంజు ఈకలు తొడుక్కోవడం ఎప్పటినుంచో రికార్డయి ఉంది. పుంజు సొగసంతా పెట్టలోనూ దాగుంది, తెర తీయలేదంతే. అసీల్ పెంచే పాతకాపులు పుంజుల్ని అమ్ముతారు గానీ మంచి పెట్టని గడప దాటనివ్వరు. వాళ్ళకి జన్యుశాస్త్రం తెలియకపోవచ్చు, కిటుకు తెలుసు. కుక్కుట శాస్త్రం రాసినవాళ్ళకి అదీ తెలిసినట్టు లేదు.

రంగుని చూసి జాతి అనుకోవడం తెలుగువాడి ఒక్కడి తప్పూ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ అనే పాము ఉంది. మన పాపికొండల అడవుల్లో తిరిగే రాచనాగుకీ దానికీ సంబంధం లేదు. ఇది విషం లేనిది, మనుషులు పెట్టెల్లో పెట్టి పెంచుకునేది. దీనిలో ఒంటికి అడ్డంగా పట్టీలున్నవి కొన్ని, తల నుంచి తోక దాకా వీపు మీద నిలువుగా ఒకే చార ఉన్నవి కొన్ని. చారపాముకి 1835లో ఒక పేరు పెట్టారు, పట్టీల పాముకి 1853లో ఇంకో పేరు. పెద్ద పెద్ద పండితులు వాటిని రెండు వేరు జాతులుగా దశాబ్దాల పాటు గ్రంథాల్లో రాసుకున్నారు. శాన్ డియేగోలో లారెన్స్ క్లాబర్ అనే ఆయన ఉండేవాడు. వృత్తికి విద్యుత్ కంపెనీలో ఇంజనీరు, మనసంతా పాముల మీద. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి చారపామూ పట్టీల పామూ రెండూ రావడం చూసి, 1936లో ఆ సంగతి అచ్చేశాడు. రెండు జాతులు ఒక్కటయ్యాయి. అంతకుముందు వందేళ్ళు పండితులు చూస్తున్నది జాతిని కాదు, చొక్కాని.

ఆ పాముల్ని పెంచేవాళ్ళు ఆ తరవాత తరాల తరబడి రంగు కోసమే జత కట్టించి తెల్లవి, లేత ఊదావి, పసుపువి తీశారు. పాముకి మార్కెట్లో విలువ దాని రంగుదే. వాటిలో కొన్ని స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనేరియా దీవిలో పెట్టెలు తప్పించుకుని అడవిలో పడ్డాయి. తెల్లపాము బయట బతకదన్నది అందరూ నమ్మే మాట. శత్రువు కంట ఇట్టే పడిపోతుందని. అక్కడ తెల్లవి కూడా నిక్షేపంగా గుడ్లు పెట్టి, దీవిలోని అరుదైన బల్లుల్ని తినేస్తున్నాయి. రంగు మీద కట్టిన జోస్యం అక్కడా తప్పింది.

మళ్ళీ బరి దగ్గరికి. రంగు పక్షం వహించేవాళ్ళ చేతిలో ఒక గట్టి వాదం ఉంది, దాన్ని దాటవేయకూడదు. "మా దొడ్లో పాతికేళ్ళుగా ఒకే డేగ సంతతి. బయటి పెట్టని రానివ్వలేదు. మా డేగ అంటే మా డేగే." నిజం. బయటి రక్తం కలవని దొడ్లో రంగు ఒక ముద్రలా పనిచేస్తుంది. ఆ దొడ్డి పుంజుల్లో రంగూ ఉంది, గట్టితనమూ ఉంది కాబట్టి రెండూ కలిసే కనిపిస్తాయి. ఆత్రేయపురం పూతరేకుల పొట్లం మీద ఊరి పేరు ఉన్నట్టు. కానీ ఊరి పేరు అచ్చేసుకోవడం ఎవరికైనా వచ్చు. ఆ పుంజు ఒకసారి బయటికి అమ్ముడై వేరే పెట్టతో కలిస్తే ముద్ర, సరుకు విడిపోతాయి. కోడికి 39 జతల క్రోమోజోములు. రంగు నడిపే జన్యువులు వాటిలో కొద్దిచోట్ల ఉంటాయి. ఎదుగుదల, ఎముక బలం, దూకుడు లాంటివి ఎన్నో చోట్ల పరుచుకుని ఉంటాయి. ప్రతి తరంలో పేకముక్కలు కలిపినట్టు కలిసిపోతాయి. రెండు మూడు తరాలయ్యాక డేగ రంగు ఒక పిల్లకి, డేగ కండ ఇంకో పిల్లకి పోవచ్చు. ఇవాళ డెల్టా కోళ్ళలో బయటి రాష్ట్రాల రక్తం, పెరూ దేశపు కోళ్ళ రక్తం కూడా కలుస్తోందని పెంపకందార్లే చెప్పుకుంటున్నారు. అలాంటప్పుడు పాత ముద్రని నమ్మడం ఏం తెలివి?

రెండో వాదం: రంగు జన్యువులు ప్రవర్తనని అసలు తాకవా? తాకుతాయి. దాచాల్సిన పని లేదు. 2004లోనే స్వీడన్‌లో ఒక ప్రయోగం జరిగింది. అడవికోళ్ళకీ తెల్ల లెగ్‌హార్న్‌లకీ పుట్టిన సంకర మందలో, రంగు ఈకలున్న కోళ్ళే తోటి కోళ్ళ ముక్కుపోట్లకి ఎక్కువగా బలయ్యాయి. తెల్లవి తప్పించుకున్నాయి. అంటే రంగు వల్ల కోడికి జరిగేదేదో ఉంది. కానీ అది ఏం చెబుతోంది? రంగు కోడి పొడుస్తుందని కాదు, పొడిపించుకుంటుందని. కుక్కుట శాస్త్రాన్ని నిలబెట్టడానికి తెచ్చిన సాక్షి అవతలి పక్షానికి సాక్ష్యం చెప్పినట్టయింది. పైగా కోడి చూసే రంగులు మనం చూసేవి కావు. రంగుని పట్టే కణాలు మనిషి కంట్లో 3 రకాలైతే కోడి కంట్లో 4 రకాలు. మనకి ఒకేలా కనిపించే రెండు నల్లకోళ్ళు వాటి కళ్ళకి ఒకేలా ఉండాలని లేదు. ఎదుటి పుంజుని డేగ అని గుర్తుపట్టి జంకే పుంజు ఇంకా పుట్టలేదు.

మూడోది, అన్నిటికంటే బలంగా వినిపించేది: "కళ్ళారా చూశామండీ, కనుమ రోజు డేగలే కొట్టాయి." చూసే ఉంటారు. గోదావరి జిల్లాల్లో ఎక్కువగా జరిగేది కత్తి పందెం. కాలికి వేలెడు కత్తి కడితే పోరు కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది, ఒక్కోసారి మొదటి ఎగురులోనే. ఎవరి కత్తి ఏ కోణంలో తగిలిందన్నదే మొత్తం కథ. కత్తి కట్టేవాడి చేతివాటానికి అంత గిరాకీ అందుకే. అలాంటి చోట అదృష్టానిదే పైచేయి. 64 పుంజుల్ని జంటలుగా దింపి, ఓడినదాన్ని తప్పిస్తూ పోతే, ఆరో విడత అయ్యేసరికి వరసగా ఆరు గెలిచిన పుంజు ఒకటి మిగిలే తీరుతుంది. అన్నీ సమాన బలమున్నవే అయినా సరే. ఆ మిగిలిన పుంజుకి రంగంటూ ఏదో ఒకటి ఉంటుంది కదా! ఆ రంగు పేరు మీద కథలు పుడతాయి. మిగతా 63 పుంజుల రంగులు ఎవరూ రాసిపెట్టుకోరు.

రాసిపెట్టకపోవడమే ఈ శాస్త్రం ఆయువు. ఎన్ని లక్షలు చేతులు మారినా, ఏ పుంజు, ఏ రంగు, ఏ వేళ, ఏమైంది అని పదేళ్ళ పద్దు రాసిన దొడ్డి ఒకటి చూపించమంటే నీళ్ళు నమలాల్సిందే. చేపల చెరువుకి మేత ఎన్ని కిలోలు పడిందో, చిల్లర పైసలతో సహా రాసుకునే రైతే ఇక్కడ కలం మూసి జేబులో పెట్టుకుంటాడు. ఓటమికి మాత్రం సమాధానం ఎప్పుడూ సిద్ధం. డేగ ఓడితే "అది డేగ కాదండీ, కాకిడేగ. అప్పుడే చెప్పాను." పొద్దున కొబ్బరితోటలో అరగంట నడిచిన తగాదా సాయంత్రం ఇలా పనికొస్తుంది. పేర్లు అన్ని ఉన్నది వర్ణనకే కాదు, తప్పించుకోవడానికి కూడా.

చిన్న తర్కం ఒకటి. నక్షత్రం డెల్టా అంతటికీ ఒకటే. భీమవరంలో, వెంపలో, కోనసీమ మురమళ్ళలో అదే రోజు, అదే గడియ. పుస్తకం నిజమైతే ఆ గడియలో అన్ని బరుల్లో ఒకే రంగు గెలవాలి. పుస్తకం అందరి చేతిలోనూ ఉంది కాబట్టి అందరూ ఆ రంగు పుంజునే దింపాలి. అప్పుడు డేగ మీద డేగ. ఒకటి చచ్చేది ఖాయం. అది ఏ నక్షత్రం తప్పు? పల్నాటి కథలో బ్రహ్మనాయుడి చిట్టిమల్లు ఓడిపోయిందంటే జనం ఇప్పటికీ నాగమ్మ మాయోపాయాన్ని తిడతారు తప్ప పుంజు రంగుని తిట్టరు. కథ చెప్పుకునే జనానికున్నపాటి వివేకం పందెం కాసేవాడికి లేకపోతే ఎలా?

ఇదంతా చదివి, రంగు కాకపోతే ఏం చూసి కాయాలని అడిగేవాళ్ళుంటారు. ఈ వ్యాసం అందుకు కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కోళ్ళని కొట్లాటకి దింపడాన్ని నేరమంది. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం డబ్బొడ్డి ఆడడాన్ని నేరమంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు పందేలు ఆపి తీరాలని ప్రభుత్వానికి చెప్పింది. ఏటా సంక్రాంతికి ముందు నోటీసులు, తరవాత మూడు రోజుల మౌనం అందరూ చూస్తున్నదే. కత్తి కట్టడాన్ని సమర్థించే మాట ఇక్కడ ఒక్కటీ లేదు. కానీ పందెం పోయినా కోడి పోకూడదు.

అసీల్ కోడి లోకంలోని పాత పెంపుడు కోళ్ళలో ఒకటి. నిలువెత్తు మెడ, బిగిసిన కండ, తల మీద బఠాణీ గింజలు పేర్చినట్టు చిన్న కోడిజుట్టు. ఆ జుట్టు చిన్నదైనందువల్లే ఎదుటి పుంజు ముక్కుకి దొరకదు, చిరిగి రక్తం కారదు. జాతిని గుర్తుపట్టాలంటే ఈక కన్నా జుట్టే నమ్మకమైన సాక్షి. డెల్టా వాడుకలో చిలకముక్కు, మెట్టవాటం లాంటి మాటలున్నాయి. అవి ముక్కు తీరుని, పుంజు నిలబడి తలపడే వాటాన్ని చెప్పే మాటలు. ఒంటిని చూసి పుట్టిన ఆ మాటల్లో ఉన్న విషయం రంగుల పట్టిక మొత్తంలో లేదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంచాలనాలయం అసీల్ మందని ప్రత్యేకంగా కాపాడుకుంటున్నది దాని మాంసం, ఒడుపు, తట్టుకునే శక్తి కోసం. అక్కడ ఎంపికకి కొలిచేవి బరువు, కాలి ఎముక పొడవు, గుడ్ల సంఖ్య లాంటివి.

ఊళ్ళో ఎంపిక వేరేలా జరుగుతుంది. ఒక గంప కింద పది పుంజుపిల్లలు లేచాయనుకుందాం. వాటిలో శాస్త్రం మెచ్చే రంగు మూడింటికే ఉంది. ఆ మూడూ దొడ్లో ఉంటాయి, బాదంపప్పు, కీమా, చెరువులో ఈత, వేణ్ణీళ్ళ కాపడం వాటికే. మిగతా ఏడూ సంతకి పోతాయి, లేకపోతే ఆదివారం కూరలోకి. పదింటిలో మేటి పుంజు ఆ ఏడింటిలో ఉండే అవకాశమే ఎక్కువ. ఏటా ఇలా ఏడేసి తీసేస్తూ, మిగిలిన రంగుని నిలుపుకోవడానికి అన్నాచెల్లెళ్ళనే జత కడుతూ పోతే గుడ్లు పొదగవు, పిల్లలు బలహీనంగా లేస్తాయి. అప్పుడు మళ్ళీ జాతి చెడిందంటారు. ఈసారి ఆ మాట నిజం. చెడగొట్టింది ఎవరో మాత్రం చెప్పరు.

రోగాలూ రంగు చూసి రావు. కొక్కెర తెగులు సోకితే కాకి, డేగ, సేతు ఒకే వరసలో మెడలు వాల్చేస్తాయి. 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు పుంజుల యజమానులు కూడా గుండెలు చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆ వారాల్లో కుక్కుట శాస్త్రం తెరిచి, ఏ రంగు పుంజు బతుకుతుందో చూసిన మనిషి కనపడలేదు. టీకా ఎక్కడ దొరుకుతుందనే అడిగారు.

కనుమ నాటి సాయంత్రం ఓడిన పుంజుల్ని సలసల కాగే నీళ్ళలో ముంచి ఈకలు పీకుతారు. పొద్దున అరగంట తగాదాకి కారణమైన ఎరుపు, నలుపు, పసుపు అన్నీ తడిసి ముద్దయి అరటిదొప్పలో పడతాయి. డేగా లేదు, కాకీ లేదు. మిగిలేది చర్మం. చాలా కోళ్ళకి ఆ చర్మం, కాళ్ళు లేత పసుపు. ఆ పసుపు ఎర్ర అడవికోడి ఇచ్చింది కాదని 2008లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయం వాళ్ళు కనిపెట్టారు. దాన్నిచ్చింది బూడిద అడవికోడి, మన దేశపు అడవుల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా సహజంగా తిరగనిది. ఎప్పుడో, ఏ పల్లె పొలిమేరలోనో అడవికోడి ఒకటి పెంపుడు కోళ్ళలో కలిసింది. పుంజు ఒంటి మీద పూర్వీకుల ఊరు చెప్పే రంగు ఉందంటే అదే. కుక్కుట శాస్త్రంలో దానికి పేరు లేదు, నక్షత్రమూ లేదు. పందెం కాసినాయన దాన్ని చూడనైనా చూడలేదు. పసుపూ ఉప్పూ రాసి, ముక్కలు కొట్టి, గిన్నె పొయ్యి మీదికి ఎక్కించేశారు.